జబ్బుపడిన బిడ్డ ఆస్పత్రికి వచ్చినప్పుడు: పిల్లల వార్డులో రోజూ వినిపించే ప్రశ్నలు

నేను పిల్లల వార్డులో నర్సుగా చేరి 20 ఏళ్లు దాటింది. కొన్నేళ్లు అనంతపురం జిల్లాలో చేశాను, మిగతాదంతా కర్నూలు వైపే. ఆలూరు తల్లి అడిగిన ప్రశ్నే రాయచోటి తల్లీ అడుగుతుంది. కొత్తగా చేరిన సిస్టర్లకూ హౌస్ సర్జన్లకూ వచ్చే సందేహాలు కూడా ఏటేటా అవే. అందుకే అన్నీ ఒకచోట రాసిపెట్టాను. తల్లిదండ్రుల ప్రశ్నలు, సిబ్బంది ప్రశ్నలు కలిపే ఉంచాను. సిస్టర్ ఏం చేస్తోందో తల్లికి అర్థం కావాలి, తల్లి దేనికి భయపడుతోందో సిస్టర్‌కు తెలియాలి. మందుల మోతాదులు సిబ్బంది కోసం రాసినవి, ఇంట్లో వాడుకోవడానికి కాదు.

## ఇంటి దగ్గర, దారిలో

బిడ్డకు జరం వచ్చింది. ఇంట్లోనే చూసుకోవాల్నా, ఆస్పత్రికి పోవాల్నా?

థర్మామీటర్‌లో అంకె కన్నా బిడ్డ వాలకం చూడండి. 102 జ్వరంలోనూ నీళ్లు తాగుతూ, మందు దిగాక ఆడుకుంటున్న బిడ్డను ఒక రోజు ఇంట్లో గమనించవచ్చు. జ్వరం 100 దాటకపోయినా ఈ ఐదింట్లో ఒక్కటి కనబడితే మాత్రం ఆగొద్దు: పాలూ నీళ్లూ ఏవీ తాగలేకపోవడం, తాగిందంతా కక్కేయడం, ఫిట్స్ రావడం, పిలిస్తే పలక్కుండా మగతగా పడి ఉండడం, ఊపిరి పీల్చేటప్పుడు డొక్కలు లోపలికి పోవడం.

రెండు నెలలు నిండని పసిబిడ్డకు ఈ లెక్క వర్తించదు. ఒళ్లు కాలినా, ఒళ్లు చల్లబడినా, పాలు తాగడం తగ్గినా అదే రోజు డాక్టర్ చూడాలి. పసికందుకు రక్తంలో ఇన్ఫెక్షన్ చేరితే జ్వరం రాకుండా ఒళ్లు చల్లబడటమే కనబడొచ్చు. "జరం లేదు కదా" అని ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర ఒక సూది వేయించుకుని, మర్నాడు సాయంత్రానికి మా దగ్గరికి వచ్చినవాళ్లను చాలామందిని చూశాను. పోయిన ఆ ఒక్క రోజును మేం తిరిగి తేలేం.

పాప డొక్కలు ఎగరేస్తాంది. నిమ్ము అని ఎట్ల తెలుస్తుంది?

పాప ఏడవకుండా, పాలు తాగకుండా ఉన్నప్పుడు చొక్కా పైకి ఎత్తి, ఫోన్‌లో టైం పెట్టుకుని నిండా ఒక నిమిషం ఊపిరి లెక్కపెట్టండి. అర నిమిషం లెక్కపెట్టి రెట్టింపు చేస్తే చిన్న పిల్లల్లో లెక్క తప్పుతుంది. రెండు నెలల లోపు 60, రెండు నెలల నుంచి ఏడాది వరకు 50, ఏడాది నుంచి ఐదేళ్ల వరకు 40. అంతకు చేరినా, దాటినా అది వేగమైన ఊపిరే. దానికి తోడు డొక్కలు లోపలికి పోతున్నా, మూలుగుతున్నా, పెదాలు నీలంగా మారుతున్నా బస్సు కోసం చూడకుండా 108కు ఫోన్ చేయండి.

బేదులు అవుతాండాయి. సెలైన్ పెట్టిస్తేనే తగ్గుతుందా?

తాగగలిగిన బిడ్డకు ఓఆర్‌ఎస్ నోటితో తాగిస్తే సెలైన్ చేసే పనే చేస్తుంది. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ శరణార్థులు బెంగాల్ సరిహద్దులోని బన్‌గావ్ శిబిరంలో కలరాతో రాలిపోతుంటే, సెలైన్ సీసాలు అయిపోయినప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ డ్రమ్ములలో ఉప్పూ గ్లూకోజూ కలిపిన నీళ్లు పెట్టి, బంధువుల చేతనే తాగించాడు. మరణాలు నూటికి నాలుగు కన్నా తక్కువకు దిగాయి. మన అంగన్‌వాడీలో, ఆశా దగ్గర ఊరికే ఇచ్చే పొట్లం ఆ పని నుంచి ఎదిగిందే.

కానీ కలిపే తీరు ముఖ్యం. ఒకసారి కోసిగి వైపు నుంచి వచ్చిన తండ్రి చాలా జాగ్రత్తగా, మందు వృథా కాకూడదని లీటరు పొట్లాన్ని ఒక్క గ్లాసు నీళ్లలో కలిపి తాగించాడు. బిడ్డకు దాహం ఎక్కువైంది, బేదులూ ఎక్కువయ్యాయి. ఉప్పు అంత చిక్కగా లోపలికి పోతే పేగు నీళ్లను పీల్చుకోదు, ఒంట్లో నీళ్లనే బయటికి లాగుతుంది. పొట్లం మీద లీటరు అని ఉంటే లీటరే, 200 మిల్లీలీటర్లని ఉంటే అంతే. ఒక్కో చెంచా, నిమిషానికోసారి. కక్కితే పది నిమిషాలు ఆగి మళ్లీ మొదలుపెట్టండి. తల్లిపాలు ఆపొద్దు. దాంతోపాటు జింకు మాత్ర 14 రోజులు ఇవ్వాలి, బేదులు మూడో రోజుకే కట్టినా సరే. ఆరు నెలలు దాటితే రోజుకు 20 మిల్లీగ్రాములు, అంతకు తక్కువ వయసైతే 10.

కళ్లు గుంటలు పడి, పొట్ట మీద చర్మం పట్టి వదిలితే మెల్లగా దిగుతూ, బిడ్డ తాగలేనంత మగతగా ఉంటే అప్పుడు సెలైనే కావాలి, అదీ వెంటనే.

తేలు కుట్టింది. మంత్రం వేయించి చూసి పోదామా?

వద్దు. మన దగ్గర బండలు పేర్చిన చోట, కట్టెల మోపుల కింద ఎర్రతేలు ఉంటుంది. పెద్దవాళ్లకు నొప్పితో పోయేది పిల్లలకు గుండె మీదికి వస్తుంది. కుట్టిన కాసేపటికే బిడ్డకు ఒళ్లంతా చెమట, వాంతులు, చేతులూ కాళ్లూ మంచులా చల్లబడటం కనిపిస్తే ఇక దారిలో ఎక్కడా ఆగొద్దు. కుట్టిన చోట నొప్పి పెద్దగా లేదని ధైర్యపడొద్దు. ప్రమాదంలో ఉన్న పిల్లల్లో ఆ నొప్పి తక్కువగానే ఉండవచ్చు.

దీనికి ప్రాజోసిన్ అనే చిన్న మాత్ర ఉంది. మహారాష్ట్రలోని మహాడ్‌లో పనిచేసిన డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ 1980లలో దీన్ని తేలు కాటుకు వాడి చూపించాక ఈ మరణాలు బాగా తగ్గాయి. కిలోకు 30 మైక్రోగ్రాములు, నోటితోనే. ప్రతి పీహెచ్‌సీలో ఉండాల్సిన చవక మందు ఇది. రాత్రి డ్యూటీకి వచ్చిన సిస్టర్ అది ఏ అరలో ఉందో చూసుకున్నాకే కుర్చీలో కూర్చోవాలి.

పాము కరిస్తే పిల్లలకు మందు తక్కువ వేస్తారా?

వేయకూడదు. పాము ఎక్కించిన విషం బిడ్డ బరువు చూసి తగ్గదు కాబట్టి విరుగుడు సీసాలు పెద్దలకు ఎన్నో పిల్లలకూ అన్నే. దారిలో కట్టు బిగించొద్దు, కోయొద్దు. కరిచిన కాలు కదలకుండా కర్ర కట్టి, బిడ్డను నడిపించకుండా ఎత్తుకుని తీసుకురండి. కరిచిన టైం గుర్తుపెట్టుకోండి.

## గేటు దగ్గర

మేం ముందొచ్చినాం. మా వెనక వచ్చిన బిడ్డను ముందు ఎట్ల చూస్తారు?

ఎందుకంటే ఆ బిడ్డకు నిమిషాలే మిగిలి ఉండొచ్చు. ఇట్లా వచ్చిన వరుసను కాక ప్రమాదాన్ని బట్టి చూడడాన్ని ట్రయాజ్ అంటారు. వచ్చిన ప్రతి బిడ్డనూ మూడు వరుసల్లో ఒకదానిలో పెట్టాలి. ఊపిరి ఆడకపోవడం, చల్లబడ్డ చేతులతో నాడి బలహీనంగా కొట్టుకోవడం, స్పృహ లేకపోవడం, ఫిట్స్ నడుస్తూ ఉండడం, బేదులతో మగతగా ఎండిపోవడం: ఈ పిల్లలు తలుపు దాటగానే వైద్యం మొదలవ్వాలి. రెండు నెలల లోపు పసివాళ్లు, బాగా పాలిపోయినవాళ్లు, బక్కచిక్కినవాళ్లు, కాళ్లు వాచినవాళ్లు, కాలినవాళ్లు, విషం మింగినవాళ్లు, ఇంకో ఆస్పత్రి నుంచి రాసి పంపినవాళ్లు రెండో వరుస. మిగతావాళ్లు క్యూలో కూర్చోవచ్చు.

మలావీ దేశంలోని బ్లాంటైర్‌లో ఉన్న పెద్ద ప్రభుత్వ ఆస్పత్రి మన జిల్లా ఆస్పత్రుల కన్నా పేదది. 2001 తర్వాత అక్కడ పిల్లలకు ట్రయాజ్ మొదలుపెట్టి, అత్యవసర గదిని సర్దుకున్నారు. చేరిన పిల్లల్లో అంతకుముందు నూటికి 10 నుంచి 18 మంది దాకా చనిపోయేవాళ్లు, తర్వాత అది 6 నుంచి 8కి దిగింది. చాలా వరకు వరుస మార్చడంతోనే వచ్చిన మార్పు అది. ఆస్పత్రిలో చనిపోయే పిల్లల్లో ఎక్కువమంది చేరిన మొదటి 24 గంటల్లోనే పోతారు కాబట్టి గేటు దగ్గర ఆదా చేసిన పావుగంటకు అంత విలువ.

ముందు చీటీ రాయించుకుని రమ్మంటారు. ఆలోపు బిడ్డకేమైనా అయితే?

దీనికి నేను సూటిగా జవాబు చెప్పాలి, ఎందుకంటే అట్లా అయింది. చాలా ఏళ్ల కిందట నేను పనిచేసిన ఒక ఆస్పత్రిలో, ఎండాకాలం పొద్దున, ఎనిమిది నెలల బిడ్డను ఒళ్లో పెట్టుకుని ఒకామె అరుగు మీద కూర్చుంది. భర్త చీటీ లైన్లో ఉన్నాడు. నేను ఆ దారిలో రెండుసార్లు పోయాను. బిడ్డ నిద్రపోతున్నాడనుకున్నాను. మూడోసారి ఆమె నా కొంగు పట్టుకుని, "సిస్టరూ, మావాడి కాళ్లు చూడు" అనింది. పట్టుకుంటే మోకాళ్ల దాకా చల్లగా ఉన్నాయి. ఆ బిడ్డ మాకు దక్కలేదు.

ఆ తర్వాత నేను ఎక్కడ పనిచేసినా మొదట మాట్లాడేది వాచ్‌మన్‌తో, చీటీ రాసే అబ్బాయితో. ట్రయాజ్‌కు డిగ్రీ అక్కర్లేదు. బిడ్డ ఊపిరి కోసం పెనుగులాడుతున్నాడా, పిలిస్తే కళ్లు తెరుస్తున్నాడా, చేతులు వెచ్చగా ఉన్నాయా అన్న మూడు సంగతులు ఎవరైనా నేర్చుకోవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ శిక్షణలోనూ గేటు దగ్గరి సిబ్బందికి ఇవి నేర్పమనే ఉంది. తల్లిదండ్రులకు చెప్పేది ఒక్కటే: బిడ్డ ఈ స్థితిలో ఉంటే చీటీ లైన్లో నిలబడకండి. నేరుగా క్యాజువాలిటీలోకి ఎత్తుకుపోండి. చీటీ తర్వాత రాయించుకోవచ్చు.

ఇంత అవస్థలో ఉంటే బరువు తూచడం ఏంది మేడమ్?

పిల్లలకు ప్రతి మందూ కిలోల లెక్కే. కళ్లతో అంచనా వేస్తే మన పిల్లల్లో తరచూ ఎక్కువే వేస్తాం, ఎందుకంటే వయసుకు తగ్గ బరువు చాలామందికి ఉండదు. దశాంశ చుక్క ఒక్క స్థానం జరిగితే మోతాదు పదింతలవుతుంది. అందుకే బరువును కేస్ షీట్ పైన పెద్ద అంకెలతో రాయాలి, ప్రమాదకరమైన మందులను ఇద్దరు లెక్కకట్టాలి. త్రాసు పడక పక్కనే ఉంటే అర నిమిషం పని.

## మొదటి గంట

ఆక్సిజన్ పెట్టినారంటే ఇంక ఆశ లేదనేనా?

ఈ మాట అని బిడ్డ ముక్కు నుంచి గొట్టం పీకేసిన నాయనమ్మలను చూశాను. వాళ్లను తప్పుపట్టను. ఆక్సిజన్ పెట్టాకే మనిషి పోవడం వాళ్లు ఊళ్లో చూసి ఉంటారు. కానీ పిల్లల నిమ్ములో ఆక్సిజన్ మందులాంటిది, యాంటీబయాటిక్ పనిచేసే దాకా బిడ్డను నిలబెడుతుంది. వేలికి పెట్టే చిన్న యంత్రంలో అంకె 90 కన్నా తగ్గితే పెడతాం, కోలుకుంటే తీసేస్తాం. ముక్కులో చిన్న గొట్టాలతో పసివాళ్లకు నిమిషానికి ఒకటి రెండు లీటర్లు చాలు.

సిస్టర్లు ఒక మాట గుర్తుపెట్టుకోవాలి. గొట్టం పెట్టే ముందే "అమ్మా, ఇది పోయే ప్రాణానికి కాదు, అలిసిపోయిన బిడ్డకు ఆసరా" అని చెప్పండి. పది సెకన్లు పడుతుంది. చెప్పకపోతే రాత్రంతా ఆ గొట్టాన్ని మళ్లీ మళ్లీ పెట్టాల్సి వస్తుంది.

షాక్‌లో ఉన్న బిడ్డకు సెలైన్ గబగబా ఎక్కించాల్సిందే కదా సిస్టర్?

హౌస్ సర్జన్లు తప్పకుండా అడిగే ప్రశ్న. షాక్ అంటే ఒంటికి రక్తం సరిగా అందని స్థితి. జవాబు: ఏ షాక్ అన్నదాన్ని బట్టి.

బేదులతో బాగా ఎండిపోయిన బిడ్డకు అవును. రింగర్ లాక్టేట్ కిలోకు 100 మిల్లీలీటర్లు. ఏడాది లోపు వాళ్లకు మొదటి 30 ఒక గంటలో, మిగతా 70 ఐదు గంటల్లో. ఏడాది దాటినవాళ్లకు మొదటి 30 అరగంటలో, మిగతాది రెండున్నర గంటల్లో. బాగా బక్కచిక్కిన బిడ్డకు ఈ లెక్క పనికిరాదు, వాళ్ల గుండె ఆ వేగాన్ని తట్టుకోలేదు.

జ్వరంతో చల్లబడి వచ్చిన బిడ్డ సంగతి వేరు. 2011లో ఉగాండా, కెన్యా, టాంజానియాల్లో 3,141 మంది పిల్లల మీద ఫీస్ట్ అనే అధ్యయనం ఫలితాలు వచ్చాయి. అందరం అనుకున్నదానికి అడ్డం తిరిగాయవి. గబగబా సెలైన్ ఎక్కించిన పిల్లల్లో 48 గంటల్లో నూటికి 10.5 మంది చనిపోతే, అట్లా ఎక్కించని పిల్లల్లో 7.3 మంది. ఐసీయూ, వెంటిలేటర్ లేని చోట ఎక్కువ నీళ్లు బిడ్డను ముంచగలవు. అందుకే 2016 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట ఇది: చేతులు చల్లగా, వేలి గోరు నొక్కి వదిలితే రంగు రావడానికి మూడు సెకన్లు దాటి, నాడి బలహీనంగా వేగంగా ఉంటే, ఈ మూడూ కలిసినప్పుడే షాక్. అప్పుడు కూడా కిలోకు 10 నుంచి 20 మిల్లీలీటర్లు, అరగంట నుంచి గంట లోపల, పక్కనే నిలబడి చూస్తూ. ఊపిరి వేగం పెరిగిందా, కాలేయం పెద్దదైందా అని చూడకుండా రెండో సీసా తగిలించకండి.

ఫిట్స్ వస్తే చేతిలో తాళాలు పెట్టినాం, ఉల్లిగడ్డ వాసన చూపించినాం. తప్పా?

వాటితో ఫిట్స్ ఆగవు. పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టకండి, టైం చూడండి. ఐదు నిమిషాలకు ఆగకపోతే మందు కావాలి. ముక్కులో వేసే మిడజోలం అయితే సూది కోసం నరం వెతుక్కునే పని లేదు. సిస్టర్లు అదే నిమిషంలో షుగర్ పరీక్ష చేయాలి. రాత్రంతా తినకుండా ఉన్న చిన్న పిల్లల్లో షుగర్ పడిపోవడమే కారణం కావచ్చు.

## వార్డులో, రాత్రిపూట

బిడ్డ బాగలేదని రాత్రి పిలిస్తే సిస్టర్ అరుస్తాదేమోనని భయం. ఏం చెయ్యాల?

పిలవండి. "ముఖం మారింది", "పాలు పట్టడం లేదు", "పొద్దునున్నట్టు లేదు" అన్న మాటలు చాలు, వైద్యం పేర్లు అక్కర్లేదు. ఒకసారి చెప్పినా కదలకపోతే డ్యూటీ డాక్టర్‌ను చూడాలని అడగండి, అదీ కాకపోతే ఆర్‌ఎంఓ (ఆస్పత్రి రోజువారీ పనులు చూసే డాక్టర్) దగ్గరికి పోండి. మర్యాదగా, గట్టిగా.

ఇది మీకు ఎవరో దయతో ఇచ్చేది కాదు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో 2007లో రయన్ సాండర్స్ అనే మూడేళ్లు నిండని పిల్లవాడు చనిపోయాడు. బిడ్డ దిగజారిపోతున్నాడని తల్లిదండ్రులు మొత్తుకున్నా తగినంతగా పట్టించుకోలేదని తేలింది. 2013 నుంచి అక్కడ కుటుంబసభ్యులే నేరుగా ఫోన్ చేసి ఇంకో డాక్టర్‌ను పిలిపించుకునే ఏర్పాటు వచ్చింది, రయన్ పేరుతోనే. ఇంగ్లండ్‌లో 2021లో 13 ఏళ్ల మార్తా మిల్స్ ఇన్ఫెక్షన్ ఒళ్లంతా పాకి చనిపోయాక, తల్లిదండ్రులు పోరాడారు. 2024 నుంచి అక్కడి ఆస్పత్రుల్లో మార్తా పేరుతో ఇట్లాంటి నియమమే అమల్లోకి వస్తోంది. అంత డబ్బున్న దేశాల్లో కూడా తల్లి మాటకు దారి వేయడానికి ఇద్దరు పిల్లలు పోవాల్సి వచ్చింది. మన వార్డులో ఒక ఫోన్ నంబర్ గోడ మీద తెలుగులో పెద్దగా రాసి పెట్టడానికి మనం ఎవరి మరణం కోసమూ ఆగక్కర్లేదు.

చార్టులు నింపడం కాగితం పనే కదా. స్కోర్ వేస్తే పిల్లలు బతుకుతారా?

స్కోర్ అంటే ఊపిరి, నాడి లాంటివి చూసి బిడ్డ ఎంత ప్రమాదంలో ఉందో చెప్పే అంకె. అదొక్కటే బతికించదు. 2018లో వచ్చిన ఎపోక్ అనే అధ్యయనం ఏడు దేశాల్లో 21 ఆస్పత్రుల్లో ఇట్లాంటి హెచ్చరిక స్కోర్‌ను పరీక్షించింది. మరణాలు తగ్గలేదు. ఇది చెప్పకుండా "స్కోర్ వాడండి, అంతా బాగుపడుతుంది" అంటే నేను అబద్ధమాడినట్టే.

అయినా నేను చార్ట్ నింపమనే అంటాను. బిడ్డ ఒక్క క్షణంలో కూలిపోవడం అరుదు. ఊపిరి 44, తర్వాత 52, తర్వాత 60 అని మెట్టు మెట్టుగా ఎక్కుతుంది. ఆ మెట్లు ఒకే కాగితం మీద పక్కపక్కన లేకపోతే రాత్రి రెండింటికి ఎవరికీ కనబడవు. పైగా అంకె పెరిగితే ఎవరిని పిలవాలి, వాళ్లు ఎన్ని నిమిషాల్లో రావాలి అన్నది ముందే తేల్చుకోవాలి. అది తేలకపోతే చార్ట్ ఎంత బాగా నింపినా దండగే. ఊపిరి గడిలో వార్డంతా "24" అని కనిపిస్తే ఎవరూ లెక్కపెట్టలేదని అర్థం.

డ్యూటీ మారేటప్పుడు "అందరూ బాగానే ఉన్నారు" అని చెప్పి పోతారు. అది చాలా?

చాలదు. పడక పడక దగ్గరా నిలబడి అప్పజెప్పాలి: ఈ బిడ్డ ఎంత ప్రమాదంలో ఉంది, ఏం జరిగింది, ఇంకా ఏం చేయాలి, రాత్రి ఏం కావచ్చు, అయితే ఏం చేయాలి. విన్నవాళ్లు తిరిగి చెప్పాలి. అమెరికాలో తొమ్మిది పిల్లల ఆస్పత్రుల్లో ఐపాస్ పేరుతో డాక్టర్ల మధ్య ఈ పద్ధతి పెట్టాక వైద్యంలో పొరపాట్లు నూటికి 23 వంతులు తగ్గాయని 2014లో ప్రచురించారు. యంత్రం ఏదీ కొనలేదు, అప్పజెప్పే మాటనే మార్చారు. తల్లి కూడా ఆ మాటలు వింటే ఇంకా మంచిది, మనం మర్చిపోయింది ఆమె గుర్తుచేస్తుంది.

డెంగీ జరం దిగిపోయింది. ఇంటికి పంపించండి సిస్టర్.

డెంగీలో జ్వరం దిగే రోజే జాగ్రత్త పడాల్సిన రోజు. మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్య, జ్వరం తగ్గాక 24 నుంచి 48 గంటలు రక్తనాళాల నుంచి నీరు కారే సమయం. కడుపు నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మగత, చేతులు చల్లబడటం కనబడితే వెంటనే చెప్పండి. ప్లేట్‌లెట్ అంకె ఒక్కటే చూసి భయపడటమూ వద్దు, ధైర్యపడటమూ వద్దు. ఆస్పిరిన్, ఐబూప్రొఫెన్ ఇవ్వకండి.

నరం సూది వేసేటప్పుడు తల్లిని బయటికి పంపాల్నా?

ఆమె ఉండగలనంటే ఉండనివ్వండి. ఒళ్లో పట్టుకుని పాలిస్తూ ఉంటే పసిబిడ్డకు సూది నొప్పి తక్కువ తెలుస్తుంది, ఇది పరీక్షించి తేల్చిన సంగతే. నలుగురు పట్టుకుని అదిమేయడం కన్నా తల్లి చేయి నయం.

ఒకే మంచం మీద ఇద్దరు పిల్లలు. ఒకరి జబ్బు ఇంకొకరికి అంటదా?

అంటుతుంది. మంచాలు పెరిగే దాకా మన చేతుల్లో ఉన్నది చేతులు కడుక్కోవడమే. ఒక బిడ్డను తాకి ఇంకో బిడ్డను తాకే ముందు శానిటైజర్ రుద్దుకోవాలి. సీసా గది మూలన కాదు, ప్రతి మంచం కాళ్ల దగ్గర ఉండాలి. తల్లులూ, "చేతులు కడిగినారా?" అని మమ్మల్ని అడగండి. నేను కోపగించుకోను.

## పెద్దాసుపత్రికి రాసినప్పుడు

కర్నూలుకు పొమ్మని రాసిచ్చినారు. దారిలో ఏమైనా అయితే?

ఆదోని నుంచి కర్నూలు సుమారు 100 కిలోమీటర్లు. మడకశిర నుంచి అనంతపురం కూడా దగ్గరేం కాదు. అందుకే రాసివ్వడంతో పంపే ఆస్పత్రి పని అయిపోదు. బిడ్డ బండెక్కే ముందు ఊపిరి సర్దాలి, షుగర్ చూడాలి, ఫిట్స్ ఆపాలి, మొదటి డోసు యాంటీబయాటిక్ వేయాలి, పసిబిడ్డైతే తల్లి రొమ్ముకు ఆనించి వెచ్చగా కప్పాలి. బండిలో ఆక్సిజన్ సిలిండర్ నిండా ఉందో లేదో మీటర్ చూసి పంపాలి.

చీటీలో "మెరుగైన వైద్యం కోసం" అని ఒక్క వాక్యం రాస్తే అక్కడివాళ్లకు ఏమీ తెలియదు. ఏ మందు, ఎంత, ఎన్ని గంటలకు ఇచ్చారో రాయాలి. ఫిట్స్ మందు రెండుసార్లు పడితే ఊపిరి ఆగిపోయే ప్రమాదం ఉంది. పంపేముందు అక్కడి పిల్లల వార్డుకు ఫోన్ చేస్తే మంచం, ఆక్సిజన్ సిద్ధంగా పెట్టుకుంటాం. తల్లిదండ్రులూ, "ఫోన్ చేసినారా సార్?" అని అడిగి కదలండి.

## ఇంటికి పోయేటప్పుడు

బాగైపోయినాడు కదా, మళ్లీ ఎందుకు రమ్మంటారు?

బక్కచిక్కిన పిల్లలు జబ్బు తగ్గి ఇంటికి పోయాక కూడా వారాల పాటు ప్రమాదంలోనే ఉంటారు. ఆరు నెలల నుంచి ఐదేళ్ల మధ్య బిడ్డకు భుజానికీ మోచేతికీ నడుమ చుట్టుకొలత 11.5 సెంటీమీటర్ల కన్నా తక్కువ ఉన్నా, రెండు పాదాలూ వాచినా, అది తీవ్రమైన పోషకాహార లోపం. జ్వరం తగ్గించి పంపేస్తే సగం వైద్యమే. పోషకాహార పునరావాస కేంద్రంలో చేర్చి తిండి మెల్లమెల్లగా పెంచాలి.

మన పడమటి మండలాల్లో ఇంకో కష్టం ఉంది. మిరప కోతలకు కుటుంబం మొత్తం గుంటూరు వైపు సుగ్గికి పోతుంది. "పదిహేను రోజులకు రండి" అంటే ఎక్కడి నుంచి వస్తారు? అందుకే డిశ్చార్జ్ రోజున తేదీ రాసే ముందు "ఆ రోజుకు మీరు యాడుంటారు?" అని అడగాలి. సుగ్గికి పోతుంటే ఆ ఊరికి దగ్గరి పీహెచ్‌సీ పేరు రాసివ్వాలి, టీకాల కార్డు, డిశ్చార్జ్ కాగితం ఒకే కవర్లో పెట్టి ఇవ్వాలి, ఫోన్‌లో ఫొటో తీయించాలి.

## మార్పు తేవాలనుకునే సిబ్బందికి

ఉన్నదే ఇద్దరు సిస్టర్లం. నాణ్యత అని చెప్తే సరిపోతుందా?

మనుషులు తక్కువన్న మాట నిజం, పోస్టుల కోసం అడుగుతూనే ఉండాలి. అప్పటిదాకా చేయగలిగినవీ ఉన్నాయి. మేం పనిచేసిన ఒకచోట ఫిట్స్‌తో వచ్చిన పిల్లలకు షుగర్ పరీక్ష ఆలస్యమయ్యేది. ఎవరి నిర్లక్ష్యం అని మొదట వాదులాడుకున్నాం. ఒక వారం టైం రాసి చూస్తే తేలింది: యంత్రం బీరువాలో, బీరువా తాళంచెవి ఇన్‌చార్జ్ సిస్టర్ దగ్గర, ఆమె సాయంత్రం ఇంటికి పోతుంది. యంత్రాన్ని అత్యవసర ట్రేలోకి మార్చాం, దారంతో ట్రేకు కట్టాం. ఆలస్యం పోయింది.

పని జరిగే చోటే నాణ్యత పెంచుకునే ఈ పద్ధతిని ఢిల్లీ ఎయిమ్స్, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి నాలుగు మెట్లుగా నేర్పుతున్నాయి: ఒక్క సమస్య ఎంచుకుని జట్టు కట్టడం, కారణం వెతికి కొలవడం, చిన్న మార్పు చేసి చూడడం, పనిచేస్తే దాన్ని నిలబెట్టడం. ఒకేసారి పది సమస్యలు పట్టుకోకండి. "గేటు నుంచి ఆక్సిజన్ దాకా ఎన్ని నిమిషాలు" లాంటిది ఒక్కటి చాలు. జట్టులో ఆయాను, వార్డు బాయ్‌ను తప్పకుండా పెట్టుకోండి, సిలిండర్ మోసేది వాళ్లే.

బిడ్డ చనిపోతే సమీక్ష అంటారు. చివరికి సిస్టర్ మీదే కదా పడేది?

అట్లా పడిన చోట తర్వాతి మరణానికి కేస్ షీట్ దిద్దేస్తారు, నిజం ఎప్పటికీ బయటికి రాదు. పిల్లల మరణాల సమీక్షకు 2014లో కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. ఎవరిది తప్పు అని కాక, ఎక్కడ ఆలస్యమైంది అని వెతకడమే దాని ఉద్దేశం: ఇంట్లోనా, దారిలోనా, ఆస్పత్రిలోనా. సమీక్షలో కూర్చునే పెద్ద డాక్టర్ మొదట తన పొరపాటు ఒకటి చెబితే మిగతావాళ్ల నోళ్లు తెరుచుకుంటాయి. అట్లా చేసిన ఒక మేడమ్ దగ్గర పనిచేశాను. ఆ గదిలోనే నేను చీటీ లైన్ బిడ్డ సంగతి మొదటిసారి బయటికి చెప్పాను.

ముస్కాన్ సర్టిఫికెట్ వస్తే మా ఆస్పత్రి బాగున్నట్టేనా?

ముస్కాన్ అనేది ప్రభుత్వ ఆస్పత్రుల్లో పిల్లల సేవల నాణ్యత కోసం 2021లో కేంద్రం మొదలుపెట్టిన కార్యక్రమం. దాని తనిఖీ జాబితా మంచిది, దాని వల్ల అడిగిన సామాన్లు వస్తాయి. గోడలకు బొమ్మలు వేసి, తనిఖీ రోజుకు రిజిస్టర్లు నింపుకుంటే మాత్రం సర్టిఫికెట్టే మిగులుతుంది. తనిఖీ అయిపోయిన మర్నాడు రాత్రి అత్యవసర ట్రే తెరిచి చూడండి. మూడు సైజుల మాస్కులతో అంబూ బ్యాగ్ (చేత్తో నొక్కి ఊపిరి అందించే సంచి), పనిచేసే సక్షన్ (గొంతులో కఫం లాగే యంత్రం), షుగర్ పట్టీలు, గడువు తీరని మిడజోలం ఉన్నాయో లేదో అప్పుడు తెలుస్తుంది.

ఒక్క సిస్టర్‌ను. రేపటి డ్యూటీలో ఏం మొదలుపెట్టగలను?

ఎక్కగానే రిజిస్టర్ తెరవకండి. ముందు వార్డు ఈ మూల నుంచి ఆ మూల దాకా నడవండి. ప్రతి బిడ్డ పాదం పట్టుకుని చూడండి, వెచ్చగా ఉందా చల్లగా ఉందా. ప్రతి తల్లినీ "నిన్నటికీ ఇయ్యాలకీ బిడ్డ ఎట్లుంది?" అని అడగండి. "బాగలేదు" అని ఆమె అంటే ఆ మాటను, అన్న టైంతో సహా, కేస్ షీట్‌లో ఆమె మాటగానే రాసి డాక్టర్‌కు చూపించండి. ముప్ఫై మంచాల వార్డులో దీనికి అరగంట పడుతుంది.